ఇంజను ఊపిరి – ఇంధన పొదుపు

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 11 కిలోల గాలి కావాలి. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఆ గాలి దాదాపు 9,000 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. బంకులో డబ్బు చెల్లించి పోయించుకునే ప్రతి లీటరుకూ తోడుగా ఇంజను తొమ్మిది వేల లీటర్ల గాలిని పైసా ఖర్చు లేకుండా వాతావరణం నుండి తీసుకుంటున్నదన్నమాట. డీజిలు ఇంజను విషయంలో ఈ లెక్క ఇంకా పెద్దది. నిండు బరువుతో నడిచేటప్పుడు కూడా అది అవసరానికి మించిన గాలినే పీల్చుకుంటుంది. తేలికగా నడిచేటప్పుడు అవసరానికి రెండు మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ గాలి దాని సిలిండర్లలోకి వెళ్ళి వస్తుంది.

ఈ రెండు పదార్థాలలో ఒకటి ఖరీదైనది, రెండవది ఉచితం. ఉచితమైన దానిని మరికొంత ఎక్కువగా ఇచ్చి ఖరీదైన దాని వాడకాన్ని తగ్గించుకోవచ్చునేమో అన్న ఆలోచన ఎవరికైనా రావడం సహజమే. మోటారు వాహనాలు వీధులలోకి వచ్చిన తొలినాళ్ళ నుండి ఈ ఆలోచన చుట్టూ ఎన్నో పరికరాలు పుట్టుకొచ్చాయి. 1930 దశకంలో కెనడాకు చెందిన చార్లెస్ నెల్సన్ పోగ్ అనే ఆవిష్కర్త ఒక గాలను పెట్రోలుకు 200 మైళ్ళు నడిపించే కార్బురేటరును రూపొందించాడని పెద్ద ప్రచారం జరిగింది. ఆయన పేరిట పేటెంట్లు మిగిలాయే తప్ప ఆ కార్బురేటరుతో నడిచే కారు విపణిలోకి రాలేదు. ఆ తరువాత గాలి గొట్టంలో అమర్చే సుడి రేకులు వచ్చాయి, కార్బురేటరు కింద బిగించే అదనపు గాలి కవాటాలు వచ్చాయి, ఇంజనుకు 'ధారాళంగా ఊపిరి' ఇస్తాయనే ప్రత్యేక ఫిల్టర్లు వచ్చాయి. వీటిలో ఏదో ఒకటి కొనవచ్చునా అని మన సహోద్యోగులు తరచుగా అడుగుతుంటారు. అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో చెప్పడం కన్నా, ఇంజను గాలిని ఎలా తీసుకుంటుందో తెలుసుకుంటే సమాధానం దానంతట అదే తేలుతుంది.

పెట్రోలు ఇంజనులో వేగాన్ని అదుపు చేసేది గాలే. మనం యాక్సిలరేటరు తొక్కినప్పుడు తెరుచుకునేది గాలి దారిలో ఉన్న త్రోటిల్ అనే తలుపు. ఎంత గాలి వెళితే దానికి తగిన పాళ్ళలో, అంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి చొప్పున, ఇంధనం కలుస్తుంది. నగరంలో నింపాదిగా పోతున్న కారులో ఈ తలుపు చాలావరకు మూసుకునే ఉంటుంది. తలుపును మనమే సగానికి పైగా మూసి ఉంచినప్పుడు, దాని వెనుక ఉన్న ఫిల్టరు మరింత ధారాళంగా ఉంటే ఒరిగేదేమిటి? అదే వేగం కోసం డ్రైవరు పాదం తలుపును మరొక వెంట్రుకవాసి ఎక్కువగా మూస్తుంది, అంతే.

దీనిని ప్రయోగపూర్వకంగా పరీక్షించినవారు కూడా ఉన్నారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఆక్సిజన్ సెన్సారు, కంప్యూటరు నియంత్రణ గల పెట్రోలు కార్లలో ఫిల్టరును బాగా మూసివేసి నడిపినా ఇంధన వినియోగంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. తగ్గింది వేగం పుంజుకునే శక్తి మాత్రమే. కార్బురేటరు గల పాత కార్ల సంగతి వేరు. వాటిలో ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు కనుక మిశ్రమం చిక్కబడుతుంది. అటువంటి కారులో మురికి ఫిల్టరును మార్చితే సాధారణంగా 2 నుండి 6 శాతం, బండి నడవడానికే మొరాయించేంతగా మూసుకుపోయి ఉంటే 14 శాతం వరకు మైలేజీ మెరుగవుతుందని ఆ దేశపు ఇంధన శాఖ చెబుతున్నది. మన పెద్దలు 'ఫిల్టరు శుభ్రం చేస్తే పెట్రోలు కలిసి వస్తుంది' అన్న మాట ఆ బండ్ల విషయంలో అక్షరాలా నిజం. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాల తరువాత కొత్త మోటారు సైకిళ్ళలో కూడా దాదాపుగా కార్బురేటరు కనుమరుగైంది. మాట మిగిలింది, బండి మారిపోయింది.

డీజిలు ఇంజను తత్త్వం వేరు. సాధారణంగా అందులో గాలిని నియంత్రించి వేగాన్ని అదుపు చేయరు. గాలి వచ్చినంత వస్తుంది, యాక్సిలరేటరు పెంచేదీ తగ్గించేదీ డీజిలునే. ఖాళీ లారీ సమతలంలో పోతున్నప్పుడు సిలిండరులో మండగా మిగిలిన గాలి ఎంతో ఉంటుంది. దానికి ఇంకొంత గాలి కలిపితే లాభం లేదు. కాని నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు డీజిలు గరిష్ఠంగా పడుతుంది, అందిన గాలి చాలదు, పొగగొట్టం నుండి నల్లని పొగ వస్తుంది. ఆ నలుపు మనం డబ్బు పెట్టి కొన్న ఇంధనమే. కనుక గాలి లోటు గల చోట గాలి విలువైనదే. ఆ లోటు ఎందువల్ల వచ్చిందన్నదే ప్రశ్న.

మోవా దుమ్ము

నేను నివసించే మోవా రాయ్‌పూర్ నగరానికి ఈశాన్యపు అంచున ఉంది. బలౌదా బాజార్ వైపు పోయే రహదారి మోవా మీదుగానే సాగుతుంది. ఆ దిక్కున పెద్ద సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఉత్తరాన ఉరలా, సిల్తరా పారిశ్రామిక వాడలలో స్పాంజి ఐరన్ కర్మాగారాలు, నగరం చుట్టూ ధాన్యం మిల్లులు. సాయంత్రం తుడిచిన డాబా తెల్లవారేసరికి నల్లబడుతుంది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో వేసవిలో వడియాలు పెట్టే గృహిణులను అడిగితే గాలిలోని ధూళి గురించి ఏ యంత్రమూ చెప్పలేనంత వివరంగా చెబుతారు. 1931లో పార్వతీపురం నుండి రాయ్‌పూర్ వరకు రైలు మార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్రతో ఈ నగరానికి రాకపోకలు సులువయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి.

అటువంటి కుటుంబానికి చెందిన ఒక లారీ యజమాని మా పొరుగున ఉండేవారు. స్వయంగా నడుపుకునేవారు. సిమెంటు బస్తాలతో మోవా రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఆయన లారీ మసిమేఘంలా పొగ విడిచేది. కొన్నేళ్ళ క్రితం ఒకనాడు ఆయన లారీ ఫిల్టరు గిన్నె మూత తీసి లోపలి కాగితపు అట్టను పక్కన పెట్టి ఉండగా చూశాను. కారణం అడిగితే, "బండికి ఊపిరాడటం లేదు బాబూ. ఇది తీసేస్తే వంతెన మీదికి సులువుగా ఎక్కుతాది, డీజిలు కూడా కలిసొస్తాది" అన్నారు. దానితో పాటు ఎవరో అమ్మిన సుడి రేకుల చట్రం ఒకటి గొట్టంలో బిగించుకున్నారు.

ఆయన గ్రహించిన దానిలో సగం నిజముంది. బండికి నిజంగానే గాలి చాలడం లేదు. కాని ఫిల్టరు తీసివేయడం వల్ల ఏమవుతుందో ఒక చిన్న లెక్క వేసి చూపించాను. ఒక కాలంలో మన రోడ్లన్నిటి మీదా కనిపించిన టాటా 697 ఇంజను సామర్థ్యం 5.675 లీటర్లు. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే అది నిమిషానికి సుమారు 4,800 లీటర్ల గాలిని, గంటకు 290 ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది. ఘనపు మీటరు గాలిలో ఒక్క మిల్లీగ్రాము ధూళి ఉన్నదనుకుందాం. లారీల వెనుక మట్టిబాటలో పోయేటప్పుడు ఇంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. రోజుకు 10 గంటలు, నెలకు 25 రోజులు నడిచే బండి ఈ లెక్కన నెలకు 70 గ్రాములకు పైగా ధూళిని పీలుస్తుంది. ఫిల్టరు 99 శాతాన్ని ఆపితే ఇంజనులోకి చేరేది ముప్పాతిక గ్రాము లోపే. 95 శాతమే ఆపితే మూడున్నర గ్రాములు. వినడానికి నాలుగు శాతమే తేడా, ఇంజను అనుభవించేది అయిదు రెట్లు. ఇక ఫిల్టరే లేకపోతే చెప్పనక్కరలేదు.

ఈ ధూళిలోని ఇసుక రేణువు స్ఫటికం. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్దపై దాని స్థానం 7. సిలిండరు గోడగా ఉండే పోత ఇనుము అంతకన్నా మెత్తనిది. పిస్టను రింగుకు, గోడకు మధ్య ఉండే నూనె పొర మందం కొద్ది మైక్రానులు మాత్రమే. కంటికి కనిపించని సన్నని రేణువులు ఆ పొరలో ఇరుక్కుని పనివాడు ఆకురాయి పట్టినట్లుగా రెండు వైపులా అరగదీస్తాయి. గోడ అరిగిన కొద్దీ కుదింపు పీడనం జారిపోతుంది, పొగ పెరుగుతుంది, ఇంజను ఆయిలు ఖర్చవుతుంది, చివరకు మైలేజీ పడిపోతుంది. ఈ నెల అర లీటరు డీజిలు కలిసి వచ్చినట్లు తోచినా, వచ్చే ఏడాదికి సిలిండర్లు బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్చవలసి వస్తుంది. ఆ పని జరిగినన్ని రోజులూ బండి నిలిచిపోతుంది, వాయిదా మాత్రం నిలవదు. ఇద్దరు పిల్లల చదువు ఆ ఒక్క లారీ మీద ఆధారపడిన ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

నీటి గొట్టంతో కొలత

ఇంజనుకు ఊపిరి నిజంగా అందుతున్నదా లేదా అన్నది ఊహించవలసిన పని లేదు. కొలవవచ్చును. రెండు మీటర్ల పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంగ్ల 'యు' అక్షరం ఆకారంలో చెక్కకు బిగించి, సగం వరకు నీరు పోయండి. ఒక కొసను ఫిల్టరుకు, ఇంజనుకు మధ్య ఉన్న గాలి గొట్టంలోని రంధ్రానికి గాలి చొరబడకుండా తగిలించండి. రెండవ కొసను తెరిచి ఉంచండి. మెకానిక్ సహాయంతో ఇంజనును పూర్తి వేగంతో తిప్పినప్పుడు రెండు వైపులా నీటి మట్టాలలో వచ్చే తేడాయే ఫిల్టరు కలిగిస్తున్న అడ్డంకి. టర్బో లేని పెద్ద డీజిలు ఇంజన్లకు సుమారు 500 మిల్లీమీటర్లు, టర్బో ఉన్నవాటికి సుమారు 635 మిల్లీమీటర్లు వచ్చినప్పుడు ఫిల్టరు మార్చాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు. టర్బో ఇంజనుకు అసలు కొలత బరువు మీద నడిచేటప్పుడు తెలుస్తుంది కనుక, బండిలో అమర్చి ఉండే సూచిక ఎర్రబడిందా అన్నది చూసుకోవడమే సులువు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. వాతావరణ పీడనం నీటి మట్టంగా చెబితే 10,300 మిల్లీమీటర్లు. అందులో 500 అంటే అయిదు శాతం లోపే. మార్చవలసినంతగా మురికి పట్టిన ఫిల్టరు కూడా ఇంజనుకు తగ్గించే గాలి అంతే. కనుక ఎంత 'ధారాళమైన' ఫిల్టరు బిగించినా అంతకు మించి కలిసివచ్చేది ఉండదు. రాయ్‌పూర్ ఎండ దీనికన్నా పెద్ద దొంగ. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు ఒక శాతం తగ్గుతుంది. డిసెంబరు రాత్రి 12 డిగ్రీల చలిలో పీల్చే గాలితో పోల్చితే మే నెలలో 45 డిగ్రీల మధ్యాహ్నపు గాలి బరువు పది శాతానికి పైగా తక్కువ. బానెట్ లోపల, రేడియేటరు వెనుక నుండి గాలి తీసుకునేలా గొట్టం మార్చుకున్నవారు, లేదా ధ్వని బాగుంటుందని ఫిల్టరు పెట్టెకు రంధ్రాలు చేయించినవారు ఈ వేడిగాలినే ఇంకా వేడిచేసి పీలుస్తున్నారు.

మా పొరుగువారి లారీని ఈ విధంగా కొలిచినప్పుడు ఫిల్టరు అడ్డంకి నిజంగానే హద్దు మీరి ఉంది. అంతకన్నా ముఖ్యమైనది వేరొకటి బయటపడింది. ఫిల్టరు తరువాతి రబ్బరు గొట్టం మడత వద్ద పగిలి, క్లిప్పు వదులై ఉంది. గొట్టం లోపలి గోడ మీద వేలితో రాస్తే బూడిదరంగు పొడి అంటింది. అంటే ఫిల్టరు ఉన్నా లేకపోయినా ధూళి పక్కదారిన లోపలికి పోతున్నదన్నమాట. ఈ పరీక్షకు పరికరాలేమీ అక్కరలేదు. గొట్టం లోపల పలుచగా గ్రీజు రాసి నాలుగు రోజుల తరువాత చూస్తే దుమ్ము ఆనవాలు తెలిసిపోతుంది.

కొత్త ఫిల్టరు, కొత్త గొట్టం, రెండు గట్టి క్లిప్పులు వేయించాక వంతెన మీద పొగ పలచబడింది. తరువాత గాలి పీల్చే ముఖాన్ని చక్రాల పక్క నుండి తీసి, క్యాబిను వెనుక పైకప్పు ఎత్తుకు పెంచాము. నేలకు దగ్గరగా ఉన్నంత దుమ్ము అంత ఎత్తున ఉండదు. గాలి దారిలో ఎవరైనా చేయదగిన మార్పు ఏదైనా ఉంటే అది ఇదేనని నా అభిప్రాయం. గొట్టం వ్యాసం తగ్గకుండా, మలుపులు పెరగకుండా, వాన నీరు దిగకుండా చేయించుకోవాలి.

సుడి రేకుల సంగతి

సుడి రేకుల చట్రాన్ని మాత్రం ఆయన వెంటనే తీయడానికి ఒప్పుకోలేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు కదా. పరీక్షిద్దామన్నాను. ఒకే దారి, ఒకే రకమైన సరుకు, ఒకే బంకులో ఒకే మట్టం వరకు డీజిలు. రెండు వారాలు చట్రంతో, రెండు వారాలు చట్రం లేకుండా, మళ్ళీ రెండు వారాలు చట్రంతో. మూడవ విడత చాలా ముఖ్యం. అది లేకపోతే వాతావరణం మారడం వల్ల వచ్చిన తేడాను కూడా పరికరానికే జమ కడతాము. ఆయన కుమార్తె నోటు పుస్తకంలో లెక్కలు రాసింది. ఒక ట్యాంకుకు, మరొక ట్యాంకుకు సహజంగా వచ్చే హెచ్చుతగ్గులలో చట్రం ప్రభావమేదీ విడిగా కనిపించలేదు.

అలా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. రేకులు పుట్టించిన సుడి, మలుపులు, మానిఫోల్డు దాటి వాల్వు సందులోనుండి దూరేసరికి చెదిరిపోతుంది. డీజిలు సిలిండరులో నిజంగా అవసరమైన సుడిని వాల్వు ముందు ఉండే వంకర దారి ద్వారా తయారీదారు ముందే కల్పించి ఉంటాడు. ఇటువంటి పరికరాలను పరీక్షించే బాధ్యతను 1970 దశకపు చమురు సంక్షోభం తరువాత అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు చట్టం అప్పగించింది. ఆ సంస్థ పరిశీలించిన పరికరాల సంఖ్య నూరు దాటింది. మైలేజీని గణనీయంగా పెంచినది ఒక్కటీ లేదని అక్కడి వినియోగదారుల రక్షణ అధికారులు ప్రకటించారు.

మరి బిగించుకున్నవారు మైలేజీ పెరిగిందని ఎందుకు అంటారు? అబద్ధం చెబుతారని నేననను. పరికరం బిగించిన రోజునే మెకానిక్ ట్యూనింగు సరిచేస్తాడు, టైర్లలో గాలి చూస్తాడు. డబ్బు ఖర్చు పెట్టిన యజమాని ఆ నెలంతా పాదం మృదువుగా వేస్తాడు. మృదువైన పాదం నిజంగానే మైలేజీ పెంచుతుంది. ఈ సంగతి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ డిపోలలో పనిచేసిన వారికి కొత్త కాదు. 1958లో ఏర్పడి, 1999లో 22,000 బస్సులతో ప్రపంచంలోనే అతి పెద్ద బస్సుల సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ సంస్థలో 'కె.ఎం.పి.ఎల్.' అన్నది కార్మికుల ఇళ్ళలో కూడా వినిపించే మాట. అన్ని బస్సులు రోజుకు 300 కిలోమీటర్లు, లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున తిరుగుతున్నాయనుకుంటే, ఆ 5 కాస్తా 5.1 అయిన రోజున మిగిలే డీజిలు దాదాపు 26,000 లీటర్లు. ఇంత లాభం ఉన్న చోట ఏ రేకుల చట్రమైనా నిజంగా పనిచేస్తే ఈపాటికి ప్రతి డిపోలోనూ అదే ఉండేది.

గాలి దారిని మార్చి ఇంధనాన్ని నిజంగా పొదుపు చేసినవారు లేకపోలేదు. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు పొందిన టర్బోఛార్జరు, వృథాగా పోయే పొగ శక్తితో చక్రాన్ని తిప్పి, గాలిని నొక్కి సిలిండర్లలో నింపుతుంది. దానికి ఇంటర్‌కూలర్ తోడై ఆ గాలిని చల్లబరిస్తే, చిన్న ఇంజను పెద్ద ఇంజను పని చేస్తుంది, రాపిడిలో పోయే శక్తి తగ్గుతుంది. 1997లో జపానులో వచ్చిన టొయోటా ప్రియస్ కారులో గాలి వాల్వును ఆలస్యంగా మూసి, మండిన వాయువు వ్యాకోచానికి ఎక్కువ అవకాశం కల్పించారు. కాని ఈ రెండింటిలోనూ మార్చినది గొట్టం ఒక్కటే కాదు. ఇంధన పంపు, పిస్టను, వాల్వుల కాలం, కుదింపు నిష్పత్తి అన్నీ కలిపి మార్చారు. బజారులో కొన్న టర్బోను పాత ఇంజనుకు తగిలించి ఇంధన పంపును అలాగే వదిలినవారికి ఆ ఫలితం రాదు. పంపు తెరిచి డీజిలు పెంచినవారికి పిస్టన్లు కరిగిన సందర్భాలూ ఉన్నాయి.

కొత్త వాహనాలలో గాలి దారిలోనే గాలి బరువును కొలిచే సెన్సారు ఉంటుంది. నూనె పట్టించిన నూలు ఫిల్టర్లు వాడితే ఆ నూనె సన్నని తీగ మీద చేరి కొలత తప్పవచ్చును. వారంటీ కూడా చిక్కులో పడుతుంది.

ఇంటి వాడకపు బండ్ల విషయంలో ఒక మాట. కాగితపు ఫిల్టరు కొంత ధూళి పట్టిన తరువాతే మరింత బాగా వడకడుతుంది. కనుక వారం వారం విప్పి దులపడం మంచిది కాదు. టైర్లకు గాలి పట్టే చోట కంప్రెసరు ముక్కు దగ్గరగా పెట్టి ఊదితే కాగితం చిరుగుతుంది, చిరుగు కంటికి కనిపించదు. ఎండకు ఎదురుగా పట్టుకుని, లోపల నుండి చూస్తే సూది మొనంత వెలుగు కనిపించినా ఆ ఫిల్టరును పారవేయాలి. నురుగు ఫిల్టరు గల పాత స్కూటర్లకు కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఇంజను ఆయిలు కొద్దిగా పట్టించి పిండి బిగించాలి. తయారీదారు పుస్తకంలో 'దుమ్ము ప్రాంతాలలో' అని వేరుగా ఇచ్చిన గడువు మోవా, సిల్తరా, ఉరలా వాసులకు వర్తిస్తుంది. సాధారణంగా అది మామూలు గడువులో సగం ఉంటుంది. మూత బిగించేటప్పుడు రబ్బరు అంచు గాడిలో సరిగ్గా కూర్చున్నదా అని వేలితో చుట్టూ తడిమి చూసుకోండి. మెకానిక్ తొందరలో ఉంటే మీరే చూడండి.